ఇరవై మిల్లీమీటర్లు అంటే ఎంత?

నాణెం, నాణ్యం, నాణ్యత ఒకే కుదురు మాటలు. నాణెం చేతికి తీసుకున్న మనిషికి మూడు అనుమానాలు వస్తాయి: లోహం చెప్పినంత మేలిమిదేనా, బరువు సరిపోయిందా, నిన్న తీసుకున్న నాణెమూ ఇదీ ఒకటేనా. చూడ్డానికి అందంగా ఉందా లేదా అన్నది ఆ తర్వాతి సంగతి. వస్తువు కానీ, సేవ కానీ, ఆఫీసులో కాగితం కదిలే తీరు కానీ, దేని నాణ్యత గురించి మాట్లాడినా ఆ మూడో అనుమానమే అన్నిటికంటే కష్టమైనది. ఒక్కటి బాగా చేయడం చాలామందికి వచ్చు. పదివేలూ ఒకేలా చేయాల్సి వచ్చినప్పుడే అసలు పని మొదలవుతుంది.

వాడుకలో మాత్రం నాణ్యత అంటే ఖరీదు, మెరుపు, ‘బాగుంది’ అనిపించడం. ఈ రంగంలో ఉన్నవాళ్లు గ్రేడ్ వేరు, నాణ్యత వేరు అంటారు. చవక బాల్‌పెన్నుకీ బంగారు పాళీ ఉన్న ఫౌంటెన్ పెన్నుకీ ఉన్నది గ్రేడ్ తేడా. చవక పెన్ను సిరా అయిపోయేదాకా తెగకుండా, కారకుండా రాస్తే దాని నాణ్యత బాగున్నట్టే. పదిలో రెండు ఫౌంటెన్ పెన్నులు జేబులో కారితే, పాళీ బంగారందైనా సరే, నాణ్యత లేనట్టే. తక్కువ గ్రేడ్ ఎంచుకోవడం వ్యాపార నిర్ణయం, అందులో తప్పు లేదు. ఎంచుకున్న గ్రేడ్‌లో ఇచ్చిన మాట తప్పితేనే అది నాణ్యత లోపం.

అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్‌ఓ ఇచ్చిన 9000 ప్రమాణం 2015 కూర్పు కూడా ఇంచుమించు ఇదే చెబుతుంది: ఒకదానికి స్వతహాగా ఉన్న లక్షణాలు అవసరాలను ఎంతమేర తీరుస్తాయో అంతమేర దాని నాణ్యత. ఇందులో ‘అవసరాలు’ అన్న మాట దగ్గర కాస్త ఆగాలి. కొనేవాడు నోటితో చెప్పినవి కొన్ని. చెప్పకపోయినా అందరూ ఆశించేవి కొన్ని. చట్టమో నియమమో తప్పనిసరి చేసినవి కొన్ని. ఎక్కువ గొడవలు రెండో రకం దగ్గరే వస్తాయి. పెట్టె విప్పితే లోపలి సరుకు తడిగా ఉండకూడదని ఏ పర్చేజ్ ఆర్డర్‌లోనూ రాసి ఉండదు. తడిసి వస్తే మాత్రం ఎవరూ ఊరుకోరు. కాబట్టి కొత్త ఆర్డర్ తీసుకునేటప్పుడు ‘మీకేం కావాలి’ అని అడిగి ఊరుకోకుండా, ‘ఇది మీ దగ్గరికి చేరాక ఎక్కడ పెడతారు, ఎవరు విప్పుతారు, దేనికి బిగిస్తారు’ అని కూడా అడగాలి. చెప్పని అవసరాలన్నీ ఆ జవాబుల్లో బయటపడతాయి.

ఈ రంగంలో పేరున్న అమెరికా నిపుణుల్లో జోసెఫ్ జురాన్ నాణ్యతను ‘వాడకానికి తగినట్టుండటం’ అన్నారు. ఫిలిప్ క్రాస్బీ ‘అనుకున్న అవసరాలకు సరిపోవడం’ అన్నారు. పుస్తకాల్లో ఈ రెంటినీ ఎదురెదురుగా నిలబెడతారు. నాకు అవి ఒకే పనిలో రెండు దశల్లా కనిపిస్తాయి. ఏది తగినదో తేల్చుకునేటప్పుడు జురాన్ మాట గుర్తుండాలి. తేల్చుకున్నాక రోజూ చేసేటప్పుడు క్రాస్బీ మాట పట్టుకోవాలి. మొదటిది తేలకుండా రెండోదాన్ని పట్టుకుంటే, ఎవరికీ అక్కర్లేని వస్తువును డ్రాయింగ్‌కి తగ్గట్టు కచ్చితంగా చేస్తూ కూర్చుంటాం.

పనిలోకి దిగేముందు మాత్రం ఒక కాగితం మీద నాలుగు ఖాళీలు నింపాలి. ఏ లక్షణం? ఎంత ఉండాలి? అటూ ఇటూ ఎంత తేడా దాకా సరే? ఎలా కొలిచి చెబుతున్నాం? మొదటి మూడూ చాలాచోట్ల నిండే ఉంటాయి. నాలుగోది ఖాళీగా వదిలేస్తారు.

వేడి షాఫ్ట్

డ్రాయింగ్ మీద 20 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న స్టీల్ షాఫ్ట్ (గుండ్రటి ఇరుసు కడ్డీ) ఉంది. టాలరెన్స్, అంటే ఒప్పుకునే తేడా, ప్లస్ ఆర్ మైనస్ 0.02 మిల్లీమీటర్లు, అంటే 20 మైక్రాన్లు. లేత్ మీద నుంచి దించిన ముక్కను ఆపరేటర్ వెంటనే మైక్రోమీటర్‌తో కొలిచాడు. సరిగ్గా 20.000 వచ్చింది. సెట్టింగ్ బాగుందని అలాగే నడిపించాడు.

అతను ఏ తప్పూ చేయలేదు. కానీ కొలతలకు ప్రపంచమంతా ఒప్పుకున్న ఉష్ణోగ్రత 20 డిగ్రీల సెల్సియస్. కోత వేడికి ఆ ముక్క 50 డిగ్రీల దగ్గర ఉందనుకుందాం. స్టీల్ ప్రతి డిగ్రీకి మీటరుకు దాదాపు 11.5 మైక్రాన్లు సాగుతుంది. 20 మిల్లీమీటర్ల ముక్క 30 డిగ్రీల వేడికి దాదాపు 7 మైక్రాన్లు సాగుతుంది. అంటే చల్లారాక ఆ షాఫ్ట్ 19.993.

7 మైక్రాన్లే కదా, టాలరెన్స్ లోపలే ఉంది కదా అనిపిస్తుంది. ఆ ఒక్క ముక్క లోపలే ఉంది. కానీ ఏ యంత్రమైనా ముక్కకూ ముక్కకూ కొంత తేడాతోనే కోస్తుంది. ఈ లేత్ తేడాను సిగ్మా (అంకెలు సగటు చుట్టూ ఎంత చెదురుతాయో చెప్పే స్టాండర్డ్ డీవియేషన్) లెక్కన 5 మైక్రాన్లు అనుకుందాం. సగటు సరిగ్గా 20.000 దగ్గర ఉంటే రెండు వైపులా నాలుగేసి సిగ్మాల చోటు ఉంటుంది. పది లక్షల ముక్కల్లో 63 మాత్రమే హద్దు దాటుతాయి. సగటు 19.993కి జారితే కింది హద్దుకు మిగిలేది 13 మైక్రాన్లు, అంటే 2.6 సిగ్మాలు. ఇప్పుడు పది లక్షల్లో హద్దు దాటేవి దాదాపు 4,700. లేత్ అదే, టూల్ అదే, మనిషీ అతనే. కొలిచేముందు ఎంతసేపు చల్లారనివ్వాలో ఎక్కడా రాసి లేకపోవడమే తేడా.

ఈ లెక్కనే పరిశ్రమలో సీపీ, సీపీకే అంటారు. టాలరెన్స్ మొత్తం వెడల్పును ఆరు సిగ్మాలతో భాగిస్తే సీపీ వస్తుంది. ఇక్కడ 40 బై 30, అంటే 1.33. సగటు నుంచి దగ్గరి హద్దుకు ఉన్న దూరాన్ని మూడు సిగ్మాలతో భాగిస్తే సీపీకే. ఇక్కడ 13 బై 15, అంటే 0.87. రెంటి మధ్య ఇంత ఎడం కనిపిస్తే యంత్రం మంచిదే, గురి తప్పిందని అర్థం. అది సెట్టింగ్‌తో సరిపోతుంది. రెండూ తక్కువగా ఉంటే సెట్టింగ్ ఎంత తిప్పినా లాభం లేదు. బేరింగులో, టూల్‌లో, ముడిసరుకులో, పట్టు బిగింపులో తేడా ఎక్కడ పుడుతోందో వెతకాలి. ఈ చిన్న భేదం తెలియక, మంచి యంత్రాన్ని విప్పదీసినవాళ్లూ ఉంటారు, పాడైన యంత్రాన్ని రోజంతా ట్యూన్ చేస్తూ గడిపేవాళ్లూ ఉంటారు.

కొలిచే పరికరాన్ని నమ్మేముందు దాన్నీ పరీక్షించాలి. మామూలుగా 10 ముక్కలు, ముగ్గురు మనుషులు, ఒక్కొక్కరు ఒక్కో ముక్కను రెండు మూడు సార్లు కొలవడం. ముందు ఏం వచ్చిందో కొలిచేవాళ్లకు తెలియకూడదు. ముక్కల వరసా మార్చాలి. మొత్తం తేడాలో కొలతదే 10 శాతం లోపు ఉంటే నిశ్చింత. 10 నుంచి 30 మధ్య ఉంటే పనిని బట్టి ఆలోచించాలి. 30 దాటితే ఆ పరికరంతో తీసుకునే నిర్ణయాలకు అర్థం లేదు. ఒకే ముక్కను ఒకే మనిషి మళ్లీ కొలిస్తే వేరే అంకె వస్తోందంటే పరికరాన్నీ, పట్టుకునే తీరునూ అనుమానించాలి. ఒక్కో మనిషికి ఒక్కో అంకె వస్తోందంటే పద్ధతిని అనుమానించాలి. మైక్రోమీటర్ బిగింపును ఎప్పుడూ ఒకేలా ఉంచే రాచెట్ వాడకుండా చేతి బలంతో బిగించడం ఈ రెండో రకానికి అందరికీ తెలిసిన కారణం.

కదిపితే పెరిగే తేడా

తేడాలన్నీ ఒక జాతివి కావు. 1924 మే 16న అమెరికాలో టెలిఫోన్ పరికరాలు తయారుచేసే వెస్టర్న్ ఎలక్ట్రిక్‌లో పనిచేస్తున్న వాల్టర్ షూహార్ట్ ఒక చిన్న మెమోలో కంట్రోల్ చార్ట్ గీసి చూపించారు. యంత్రానికి స్వభావసిద్ధంగా ఉండే తేడా ఎంతో, బయటి నుంచి కొత్తగా వచ్చిపడిన తేడా ఏదో ఆ బొమ్మ విడదీసి చూపిస్తుంది. చదివి వదిలేసేవాళ్లే ఎక్కువ కానీ వాడటం చాలా సులువు. గంటకోసారి వరసగా 5 ముక్కలు తీసి కొలవాలి. వాటి సగటు, వాటిలో పెద్దదానికీ చిన్నదానికీ ఉన్న ఎడం రాసుకోవాలి. అలా 25 సార్లు అయ్యాక ఎడాల సగటును 0.577తో గుణిస్తే, సగటు గీతకు పైనా కిందా అంత దూరంలో హద్దులు వస్తాయి. ఎడానికి పై హద్దు కావాలంటే అదే సగటును 2.114తో గుణించాలి. మన షాఫ్ట్‌కి ఎడాల సగటు 11.6 మైక్రాన్లు వస్తుంది, కాబట్టి హద్దులు దాదాపు 6.7 మైక్రాన్ల దూరంలో ఉంటాయి. ఐదు ముక్కల సగటు 20.007 చూపిస్తే, ఐదు ముక్కలూ టాలరెన్స్ లోపలే ఉన్నా సరే, ఏదో మారిందని చార్ట్ హెచ్చరిస్తుంది. రిజెక్షన్ ఇంకా మొదలు కాకముందే తెలిసిపోతుంది. చుక్క హద్దు దాటకపోయినా వరసగా ఎనిమిది చుక్కలు సగటు గీతకు ఒకే వైపున పడితే అదీ హెచ్చరికే.

డ్రాయింగ్ టాలరెన్స్ గీతల్ని ఈ చార్ట్ మీద మాత్రం గీయకూడదు. చార్ట్ మీద ఉన్నవి సగటులు, డ్రాయింగ్ మాట్లాడేది ఒక్కో ముక్క గురించి. రెండూ ఒకేచోట కనిపిస్తే అందరి కళ్లూ టాలరెన్స్ గీత మీదికే పోతాయి. ‘ఇంకా చోటుంది కదా’ అని చార్ట్‌ను పట్టించుకోవడం మానేస్తారు.

దీనికి ఎదురుగా మరో జబ్బుంది. ముక్క కొలవగానే 4 మైక్రాన్లు ఎక్కువొస్తే టూల్‌ను 4 తగ్గించడం, తర్వాతిది 3 తక్కువొస్తే 3 పెంచడం. చూసేవాళ్లకు ఇది శ్రద్ధలా కనిపిస్తుంది. నిలకడగా నడుస్తున్న యంత్రాన్ని ఇలా ప్రతి ముక్కకూ సవరిస్తే వేరియన్స్ (సిగ్మా వర్గం) రెట్టింపవుతుంది, సిగ్మా 1.41 రెట్లు అవుతుంది. అమెరికా గణాంక నిపుణుడు ఎడ్వర్డ్స్ డెమింగ్ తన తరగతుల్లో గరాటు, గోళీతో దీన్ని చేసి చూపించేవారు. మన లేత్‌లో 5 మైక్రాన్ల సిగ్మా 7కి చేరుతుంది, సీపీ 1.33 నుంచి 0.94కి పడిపోతుంది. మొదటి ముక్కలో ఉన్న తేడా గాలివాటంగా వచ్చిందే. దాన్ని తీసి రెండో ముక్కకు అంటగట్టాం, రెండో ముక్క సొంత తేడా దానికి తోడైంది. ఇది లేత్‌కే పరిమితం కాదు. నిన్న కంప్లైంట్లు 12, ఇవాళ 17 అని సాయంత్రం మీటింగ్ పెట్టి పద్ధతి మార్చే ఆఫీసుల్లో జరిగేదీ ఇదే. 17 అనేది మామూలు ఊగిసలాటలో భాగమో కాదో చార్ట్ చూడకుండా తెలియదు.

డబ్బాలో నాణేలు

మళ్లీ నాణేల దగ్గరికి వద్దాం. బ్రిటన్ టంకశాలలో 13వ శతాబ్దం నుంచి ఒక ఆచారం ఉంది. తయారైన నాణేల్లోంచి కొన్ని తీసి పిక్స్ అనే పెట్టెలో వేసి తాళం పెడతారు. కొన్నాళ్లకు పెట్టె తెరిచి, వాటిని తూచి, లోహం పరీక్షిస్తారు. శాంపిల్ తీసి మొత్తం సరుకును అంచనా వేయడానికి ఇంత పాత ఉదాహరణ దొరకడం అరుదు. అచ్చుపోసే పనిలో కొంత తేడా తప్పదని వాళ్లకు తెలుసు. అందుకే ప్రమాణం నుంచి ఇంత దాకా తగ్గినా పెరిగినా సరేనని ఒక హద్దు పెట్టుకున్నారు. నేటి భాషలో అదే టాలరెన్స్.

అందులో ఒక లోపం ఉండిపోయింది. నాణేలన్నిటినీ కలిపి తూచేటప్పుడు, ఒక్క నాణేనికి ఇచ్చిన తేడానే నాణేల సంఖ్యతో గుణించి మొత్తానికి ఇచ్చేవారు. 100 నాణేలు కలిపితే ఒకటి బరువు, ఒకటి తేలిక అయి చాలా తేడాలు ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి. మొత్తంలో మిగిలే సహజమైన తేడా 100 రెట్లు ఉండదు, 100కి వర్గమూలం, అంటే 10 రెట్లే ఉంటుంది. 100 రెట్ల వెసులుబాటు ఇచ్చారంటే, టంకశాల నడిపేవాడు ప్రతి నాణెమూ దాదాపు హద్దు అంచు దాకా తేలికగా చేసినా పరీక్షలో దొరకడు. ఇంకో సంగతి కూడా గమనించాలి. ప్రతి నాణెమూ హద్దులోనే ఉన్నా, వాటి మధ్య తేడా ఉన్నంతకాలం బరువైనవాటిని ఏరి కరిగించేవాడికి లాభం. చలామణిలో తేలికవే మిగులుతాయి. హద్దు లోపలి తేడా కూడా ఊరికే పోదు, ఎవరో ఒకరు దాని ఖర్చు మోస్తారు.

జపాన్ ఇంజనీర్ గెనిచి టగుచి ఈ ఖర్చునే లెక్కగా చూపించారు. నష్టం హద్దు గీత దగ్గర ఒక్కసారిగా పుట్టదు. గురి నుంచి జరిగిన దూరం వర్గానికి తగ్గట్టు పెరుగుతూ పోతుంది. 20.019 షాఫ్ట్ పాస్, 20.021 షాఫ్ట్ ఫెయిల్. రెంటి మధ్య తేడా 2 మైక్రాన్లు, బేరింగ్‌లో బిగించేవాడి చేతికి రెండూ ఒకేలా బిగుతు. గీతకు ఇవతల ఉన్నదంతా సమానంగా మంచిదేనని నమ్మే చోట సరుకంతా గీత అంచునే చేరుతుంది.

శాంపిల్ తనిఖీ గురించి కూడా చాలామందికి లేనిపోని ధీమా ఉంటుంది. ఐఎస్‌ఓ 2859-1 పట్టికల ప్రకారం 1,000 ముక్కల లాట్‌కి (ఒకేసారి వచ్చిన సరుకుకి) మామూలు తనిఖీ, రెండో స్థాయి, ఏక్యూఎల్ (ఒప్పుకోదగ్గ లోపాల శాతం) 1.0 అంటే 80 ముక్కలు తీసి చూడాలి. రెండు దాకా పాడైనవి ఉంటే లాట్ తీసుకుంటారు, మూడు ఉంటే తిప్పి పంపుతారు. నిజంగా 1 శాతం పాడైన లాట్లు ఇందులో నూటికి 95 సార్లు నెగ్గుతాయి. అది బాగానే ఉంది. 3 శాతం పాడైన లాట్లు నూటికి దాదాపు 57 సార్లు నెగ్గుతాయి. సగానికి పైగా! ఈ పద్ధతి పనికిరానిదని కాదు. ఇది వరసగా వచ్చే లాట్ల మీద ఒత్తిడి పెట్టడానికి చేసినది, తిరస్కరణలు పెరిగితే తనిఖీని బిగించే నియమం కూడా అందులోనే ఉంది. ఆ బిగించే నియమాన్ని పక్కన పెట్టి, ఎదురుగా ఉన్న ఒక్క లాట్ మంచిదని రుజువు చేయడానికి దీన్ని వాడితే మాత్రం మోసపోతాం. తనిఖీ నాణ్యతను పుట్టించదు. ఉన్నదో లేదో చెబుతుంది, అదీ కొంత అనుమానంతో.

‘త్వరగా’ అంటే ఎంత

సేవల్లో షాఫ్ట్ ఉండదు, మైక్రోమీటర్ ఉండదు. అందుకే నాలుగు ఖాళీలూ ఖాళీగానే ఉండిపోతాయి. ‘24 గంటల్లో జవాబిస్తాం’ అన్న మాట తీసుకోండి. ఏ గంట నుంచి లెక్క? కస్టమర్ మెయిల్ పంపినప్పటి నుంచా, మన మనిషి తెరిచినప్పటి నుంచా? సెలవురోజు లెక్కలో ఉందా? ‘మీ మెయిల్ అందింది’ అని యంత్రం పంపేది జవాబేనా? సమస్య తీరకుండానే టికెట్ (ఫిర్యాదు నమోదు) మూసి, కస్టమర్ మళ్లీ రాస్తే కొత్త టికెట్ తెరిస్తే గడియారం సున్నా నుంచి మొదలవుతుందా? ఈ ఐదు ప్రశ్నలకు జవాబు రాసిపెట్టని చోట నెలాఖరు రిపోర్టు ఎప్పుడూ పచ్చగానే ఉంటుంది. ఎవరూ అబద్ధం చెప్పక్కర్లేదు. తమకు అనుకూలమైన అర్థం తీసుకుంటే చాలు.

సగటు మరో తెర. పదిమందిలో తొమ్మిదిమందికి 2 రోజుల్లో, ఒకరికి 12 రోజుల్లో పనైతే సగటు 3 రోజులు. 3 రోజుల మాట నిలబెట్టుకున్నామని రిపోర్టు చెబుతుంది. 12 రోజులు తిరిగిన మనిషి ఆ సగటులో కనిపించడు. సేవల్లో సగటు బదులు ‘నూటికి 95 మందికి ఎన్ని రోజుల్లో అయింది’ అని అడగాలి. మాటను కూడా అలాగే ఇవ్వాలి.

ఎదురుచూపు ఎందుకు పెరుగుతుందన్నది చాలామంది మేనేజర్లకు తెలియని లెక్క. ఒక్క కౌంటర్ ఉంది. జనం తోచినప్పుడు వస్తారు. ఒక్కొక్కరి పనికి సగటున 5 నిమిషాలు, కానీ ఒకరిది 1 నిమిషంలో అవుతుంది, ఇంకొకరిది 20 తింటుంది. కౌంటర్ మనిషి 80 శాతం సమయం పనిలో ఉంటే క్యూలో సగటు ఎదురుచూపు 20 నిమిషాలు. 90 శాతానికి 45. 95 శాతానికి 95 నిమిషాలు. పనిలో ఉన్న శాతాన్ని ఖాళీ శాతంతో భాగించి 5తో గుణిస్తే ఈ అంకెలు వస్తాయి. ‘ఇంకా 10 శాతం ఖాళీగా ఉంటున్నారు’ అని మనుషుల్ని తగ్గించిన చోట క్యూ ఎందుకు వీధిలోకి వచ్చిందో ఈ మూడు అంకెలు చెబుతాయి. ఖాళీగా కనిపించే ఆ సమయమే సేవకు ఊపిరి.

అదే కౌంటర్‌లో ప్రతి ఒక్కరి పనీ కచ్చితంగా 5 నిమిషాలే పడితే ఎదురుచూపు సరిగ్గా సగానికి తగ్గుతుంది. 95 నిమిషాలది 47.5 అవుతుంది. మనిషిని పెంచలేదు, వేగం పెంచలేదు. పనికీ పనికీ ఉన్న తేడా తీసేశాం, అంతే. పూర్తిగా తీసేయడం కుదరదు కానీ చాలావరకు తగ్గించవచ్చు. 20 నిమిషాలు తినే కేసుల్ని పట్టి చూస్తే ఎక్కువగా ఏదో ఒక కాగితం తక్కువైనవే ఉంటాయి. క్యూ మొదట్లోనే ఒక మనిషి కాగితాలు చూసి, తక్కువైనవాళ్లను పక్కకు పిలిస్తే లోపలి కౌంటర్ తేడా చాలా తగ్గుతుంది. చిక్కు కేసులకు వేరే కౌంటర్ పెట్టడమూ ఇలాంటిదే.

సేవల నాణ్యతను పరశురామన్, జైతమల్, బెర్రీ అనే మార్కెటింగ్ పరిశోధకులు 1988లో ఐదు కోణాలుగా విడదీశారు: మాట నిలకడ, వెంటనే స్పందించడం, నమ్మకం కలిగించడం, మనిషిని మనిషిగా పట్టించుకోవడం, కంటికి కనిపించే వసతులు. కస్టమర్లు అన్నిటికంటే ఎక్కువ విలువిచ్చేది మొదటిదానికేనని వాళ్ల పరిశోధనలో తేలింది. డబ్బు ఎక్కువగా ఖర్చయ్యేది మాత్రం చివరిదాని మీద. కొత్త సోఫాలు వేయించినంత సులువుగా మాట నిలకడ రాదు కదా.

చేతులు మారే చోట

ఆఫీసు ప్రక్రియల్లో లోపం మనుషుల దగ్గర కంటే మనుషుల మధ్య ఎక్కువగా పుడుతుంది. ఒక ఇన్‌వాయిస్ ఎనిమిది చేతులు మారుతుందనుకోండి. ప్రతి చేతిలోనూ 95 శాతం మొదటిసారే సరిగ్గా జరుగుతుంది. ఏ విభాగాన్ని అడిగినా ‘మాది 95’ అని ధైర్యంగా చెబుతుంది. 0.95ను ఎనిమిదిసార్లు గుణిస్తే 0.66. ప్రతి మూడు ఇన్‌వాయిస్‌లలో ఒకటి ఎక్కడో వెనక్కి తిరుగుతోంది. చివరికి అన్నీ చెల్లింపు దాకా చేరతాయి కాబట్టి ఆఖరి లెక్కలో ఇది కనిపించదు. ఫోన్ చేసి కనుక్కోవడం, సరిదిద్దడం, మళ్లీ సంతకం పెట్టించడం అందరి రోజువారీ పనిలో కలిసిపోయి ఉంటాయి. వాటినీ పనే అనుకుంటారు. అందుకే ప్రక్రియను కొలవాలంటే ‘ఎన్ని పూర్తయ్యాయి’ అని కాక, ‘ఎన్ని ఒక్కసారి కూడా వెనక్కి రాకుండా పూర్తయ్యాయి’ అని లెక్కపెట్టాలి. ఒక వారం పాటు ప్రతి కాగితానికీ ఒక చీటీ అంటించి, వెనక్కి తిరిగిన ప్రతిసారీ ఒక గీత గీసి, ఎందుకో రెండు మాటలు రాయిస్తే చాలు. కారణాలు ఇరవై వచ్చినా, గీతల్లో ఎక్కువ భాగం రెండు మూడు కారణాల దగ్గరే గుమిగూడతాయి.

ఆ కారణాలు చాలాసార్లు చిన్నవిగా ఉంటాయి. ఫారంలో తేదీ గడిలో 03/04 అని ఉంటుంది. మార్చి నాలుగా, ఏప్రిల్ మూడా? రాసినవాడికి అనుమానం లేదు, చదివినవాడికీ లేదు, ఇద్దరి అర్థాలే వేరు. దీనికి ‘తేదీలు జాగ్రత్తగా రాయవలెను’ అని సర్క్యులర్ పంపితే ఏమీ మారదు. గడిలోనే నెలను అక్షరాల్లో ఎంచుకునేలా పెడితే ఆ తప్పు చేయాలన్నా కుదరదు.

జపాన్ ఇంజనీర్ షిగెయో షింగో 1961లో చూపిన ఉదాహరణ ఇలాంటిదే. ఒక చిన్న స్విచ్‌లో రెండు బటన్ల కింద రెండు స్ప్రింగులు పెట్టాలి. పనివాళ్లు అప్పుడప్పుడు ఒకటి మరిచిపోయేవారు, అది కస్టమర్ దగ్గర బయటపడేది. అప్పటిదాకా ఇచ్చిన మందు మందలింపే. షింగో చేసిందల్లా ఒక చిన్న పళ్లెం పెట్టించడం. ముందు డబ్బాలోంచి రెండు స్ప్రింగులు తీసి పళ్లెంలో వేయాలి, తర్వాతే స్విచ్ బిగించాలి. బిగించాక పళ్లెంలో స్ప్రింగు మిగిలిందంటే మరిచిపోయినట్టు, అప్పటికప్పుడే తెలుస్తుంది. మరుపును ఆపలేదు, మరుపు కంటికి కనిపించేలా చేశారు. పోకా-యోకే (తప్పును అడ్డుకునే ఏర్పాటు) అన్న పేరుతో ఖరీదైన సెన్సార్లు అమ్మేవాళ్లున్నారు కానీ, పళ్లెం లాంటి ఉపాయం ఇంకా దొరుకుతుందేమో ముందు వెతకడం మేలు.

ఐఎస్‌ఓ 9001 సర్టిఫికెట్ గురించి ఒక్క మాట. 1987లో మొదలైన ఈ ప్రమాణం సంస్థ పని పద్ధతికి ఇచ్చేది, వస్తువుకు ఇచ్చేది కాదు. రాసుకున్న పద్ధతి ప్రకారం నడుస్తున్నారా, తప్పు జరిగితే పట్టుకుని సరిదిద్దే ఏర్పాటు ఉందా అన్నది ఆడిట్‌లో చూస్తారు. వస్తువు మీద ఆ ముద్ర వేసుకుని అమ్మితే అది తప్పుదోవ పట్టించడమే.

సరిదిద్దడం దగ్గర మూడు పనుల్ని కలిపేయకూడదు. పాడైన సరుకు బయటికి పోకుండా ఆపడం ఒకటి. పాడైనదాన్ని బాగుచేయడమో పారేయడమో రెండోది. మళ్లీ రాకుండా కారణాన్ని తీసేయడం మూడోది. చాలా కంప్లైంట్ ఫైళ్లలో మూడో గడిలో రాసి ఉండేది ‘ఆపరేటర్‌కు శిక్షణ ఇచ్చాము’ అని. అది చూడగానే రెండు ప్రశ్నలు అడగాలి. అతనికి పని రాకనే తప్పు జరిగిందా? అదే కుర్చీలో రేపు ఇంకొకరు కూర్చుంటే ఈ తప్పు జరగదా? పని రాకనే జరిగింది, ఇంకొకరైతే జరగదు అన్న జవాబులు వస్తేనే శిక్షణ సరైన మందు. లేకపోతే కారణం ఇంకా దొరకనట్టే. వేడి షాఫ్ట్ కేసులో ఆ ఆపరేటర్‌కి మైక్రోమీటర్ పట్టుకోవడం ఎన్నిసార్లు నేర్పినా 7 మైక్రాన్లు అలాగే ఉంటాయి. లేత్ పక్కన ముక్క చల్లారడానికి ఒక ఇనుప పలక, ఎన్ని నిమిషాలు ఉంచాలో రాసిన చీటీ, కొలిచే ముక్కతో పాటు అదే పలక మీద ఉండే 20 మిల్లీమీటర్ల సెట్టింగ్ మాస్టర్ (మైక్రోమీటర్‌ను సరిచూసుకునే నమూనా ముక్క) ఉంటే పోతాయి.

మందు పనిచేసిందని ఎప్పుడు చెప్పాలి? ‘మార్చాక 50 ముక్కలు చూశాం, ఒక్కటీ పాడవలేదు’ అని ఫైలు మూసేస్తారు. దీనికో సులువైన లెక్కుంది: వరసగా ఎన్ని మంచివి వచ్చాయో ఆ సంఖ్యతో 3ను భాగించాలి. 95 శాతం నమ్మకంతో చెప్పగలిగిన పై హద్దు అదే. 50 మంచివి వస్తే 3 బై 50, లోపం ఇంకా 6 శాతం దాకా ఉండొచ్చు. మార్చకముందు లోపం 1 శాతమే అయితే, 50 ముక్కల్లో ఒక్కటీ పాడవకపోవడం ఏమీ మార్చకపోయినా నూటికి 60 సార్లు జరిగేదే. 1 శాతం కంటే తగ్గిందని చెప్పాలంటే వరసగా 300 మంచివి చూడాలి. అంతవరకు ఆ ఫైలు తెరిచే ఉండాలి.